పదుల గదిలో నాన్న

పిల్లలకు లెక్కలు చెప్పడం ఏమంత బ్రహ్మవిద్య కాదని నేను ఎప్పుడూ అంటుంటాను. మీరూ అనే ఉంటారు. అనడంతో ఆగిపోయి ఉంటే మీరు అదృష్టవంతులు.

మా అమ్మాయి రెండో తరగతి. దాని పేరు బడిలో వాడతారు, ఇంట్లో మాత్రం పిడుగు. ఆ శుక్రవారం పిడుగు బడి నుంచి వచ్చి, సంచీ ఒక మూలకీ బూట్లు ఇంకో మూలకీ విసిరి, బోర్లా పడుకుని ఏడుపు లంకించుకుంది. నూట ఏడు రాయమంటే వంద రాసి, దాని పక్కన ఏడు రాసిందట. 1007. టీచరు దిద్దితే మళ్ళీ అదే రాసింది. చివరికి ఆవిడ దీన్ని తన బల్ల పక్కన ఒంటరిగా కూర్చోబెట్టింది. సోమవారం పరీక్షలో సరిగ్గా రాస్తేనే మళ్ళీ పాత బెంచీ, పక్కన రెండు జడల నేస్తం.

"వందా ఏడూ కలిస్తేనే కదా నాన్నా నూట ఏడు? నేను రెండూ రాశాగా!" అంది వెక్కుతూ.

దాని మాటలో న్యాయం లేకపోలేదు. ఆ ముక్కూ మొహం చూస్తే నా ప్రాణం ఉసూరుమంది.

"నేను చెప్తాలే తల్లీ," అంది మా ఆవిడ మిషను తొక్కుతూనే. ఆవిడ దర్జీ. ఇంటి ముందు గదే ఆవిడ దుకాణం.

"నువ్వు నీ చొక్కాల సంగతి చూసుకో. పదుల లెక్క నా సొత్తు," అన్నాను. ఊరికే అనలేదు. నేను గోదాములో స్టోర్ కీపర్ని. పది బోల్టులు ఒక పొట్లం, పది పొట్లాలు ఒక పెట్టె అంటూ పన్నెండేళ్ళుగా బతుకుతున్నవాణ్ణి.

"బోల్టులు ఎదురు ప్రశ్నలు వెయ్యవండీ."

"పందెం కాస్తావా? సోమవారం అది నూట ఏడు సరిగ్గా రాస్తే, నెల రోజులు నేను గిన్నెలు తోమను."

"ఇప్పుడేదో తోముతున్నట్టు!"

"ఆదివారం ఆదివారం తోముతున్నానా లేదా?"

"తోముతున్నారు. సోమవారం పొద్దున నేను మళ్ళీ తోముకుంటున్నాను. సరే, రాయకపోతే?"

"నెలంతా రోజూ నేనే!"

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా నేను వెనక్కి తగ్గలేదంటే, నా ధైర్యం ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

మా ఇల్లు రైలుపెట్టెలాంటిది. ముందు గది, మధ్యలో హాలు, వెనక వంటగది, అన్నీ వరసగా. శనివారం పొద్దున్నే మూడు అట్టముక్కలు కత్తిరించి ముందు గదికి వందలు, హాలుకి పదులు, వంటగదికి ఒకట్లు అని అంటించాను.

"చూడవే పిడుగూ. అంకె అదే, గది మారితే విలువ మారుతుంది. అమ్మ వంటగదిలో ఉంటే ఒకటి. హాల్లోకి వస్తే పది. ముందు గదిలో మిషను దగ్గర కూర్చుంటే వంద."

"నా విలువ వంద అనడానికి మీకు ఇన్నేళ్ళు పట్టింది," అంది మా ఆవిడ.

నేను పట్టించుకోలేదు. గురువుకి ఏకాగ్రత ముఖ్యం. "ఏ గదిలోనూ తొమ్మిదికి మించి ఉండకూడదు. పదోది వచ్చిందా, పదింటినీ కలిపి మూట కట్టు, ఒకటిగా పక్క గదికి పంపు." పది చెంచాలు తీసుకుని, మా గోదాములో వేసే ముడి వేసి చూపించాను. లాగినకొద్దీ బిగుస్తుందది. పిడుగు రెండోసారికే నేర్చేసుకుంది.

"చెంచాలేనా నాన్నా?"

"ఏవైనా సరే!" అన్నాను. ఆ ఒక్క మాట నోరు జారకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం మా ఆవిడ దారపు ఉండల కోసం బజారుకెళ్ళింది. నేను హాల్లో సోఫా మీద వాలి, తర్వాతి పాఠం గురించి కళ్ళు మూసుకుని ఆలోచించాను. ఆలోచన బాగా పట్టేసినట్టుంది. మెలకువ వచ్చింది మాత్రం మా ఆవిడ కేకతో.

లేచి చూస్తే ఇల్లంతా మూటలు. బట్టల క్లిప్పులు పది. ఉల్లిపాయలు పది. నా మేజోళ్ళు పది. ముందు గదిలో ఆసుపత్రి సిబ్బందికి కుట్టాల్సిన ఇరవై చొక్కాల ముక్కలు ఉండేవి, సోమవారం పొద్దున్నే ఇవ్వాల్సినవి. ఎవరి కొలత ముక్కలు వాళ్ళవిగా మా ఆవిడ విడివిడిగా పేర్చుకుంది. ఇప్పుడు ఎడమ చేతులు పదేసి ఒక మూట, కుడి చేతులు పదేసి ఒక మూట, కాలర్లు, జేబులు కూడా అంతే.

"పొడుగు కాపలావాడి చేతులూ, పొట్టి ఆయమ్మ చేతులూ కలిపి కట్టేసిందండీ!"

"ముడి మాత్రం గట్టిగా వేసింది," అన్నాను. మెచ్చుకోకూడని సమయాలు కొన్ని ఉంటాయని అప్పుడే తెలిసింది.

"ఎవరు నేర్పారే నీకు?"

"నాన్న! ఏవైనా సరే అన్నాడు."

"అప్పుడు మీ నాన్న ఎక్కడున్నాడు?"

"పదుల గదిలో గురకపెడుతున్నాడు."

ఆదివారం సగం గోళ్ళతోనూ సగం పళ్ళతోనూ ఆ ముళ్ళు విప్పాను. పన్నెండేళ్ళలో మొదటిసారి మా గోదాము ముడిని తిట్టుకున్నాను. విప్పాక సాయం చేద్దామని ఒక చెయ్యి అందుకుంటే అది కాలరట. మా ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"మీకు దణ్ణం పెడతాను. ఇంక దేన్నీ ముట్టుకోకుండా ఆ హాల్లో ఊరికే కూర్చోండి."

కూర్చున్నాను. ముందు గదిలో మిషను చప్పుడు. వంటగదిలో ఎంగిలి గిన్నెలు. మధ్యలో నేను. పిడుగు పుస్తకం పట్టుకుని మూడు గదుల్లోనూ తిరుగుతోంది.

"ఏదీ, నూట ఏడు రాసి చూపించవే," అన్నాను నీరసంగా.

"ఉండు నాన్నా, కదలకు," అని నన్ను ఎగాదిగా చూసి, ఏదో గీసుకుని వెళ్ళిపోయింది. చూపించలేదు. పందెం పోతే పోయింది, రేపు మళ్ళీ అది ఒంటరిగా కూర్చుంటుందేమోనని నాకు నిజంగా దిగులేసింది.

సోమవారం సాయంత్రం పిడుగు గంతులేస్తూ వచ్చింది. "పాత బెంచీ! పాత బెంచీ!" పరీక్ష కాగితం మీద 107 ఉంది, దాని కింద మూడు గదుల బొమ్మ ఉంది. ఎలా రాశావని టీచరు అడిగితే అందరి ముందూ చెప్పిందట. "వందల గదిలో అమ్మ, ఒకటి. ఒకట్ల గదిలో గిన్నెలు, ఏడు. పదుల గదిలో నాన్న. ఏ పనీ చెయ్యడు, అందుకని సున్నా. కానీ నాన్నని తీసేస్తే అమ్మా గిన్నెలూ పక్కపక్కకి వచ్చేసి పదిహేడైపోతాయి. అందుకే నాన్న ఉండాలి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దాన్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాను. సున్నా అయితేనేం, ఉండాలందిగా!

"ఒప్పుకుంటావా? పందెం నాదే," అన్నాను మీసం దువ్వి.

"మీదే. సున్నా అంటే ఏమిటో మీరు చెప్పకుండానే కూర్చుని చూపించారు. నెల రోజులు మీరు గిన్నెలు తోమక్కర్లేదు," అంది మా ఆవిడ. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు అనుమానం రావాల్సింది.

"నాన్నా, హోంవర్కు!" అంది పిడుగు. "ఇంట్లో నూట ఎనిమిది చెయ్యాలి. వంటగదిలో ఆ ఏడు గిన్నెలూ అలాగే ఉన్నాయి. నువ్వెళ్తే ఎనిమిది."

"వెళ్ళి నిలబడితే చాలుగా?"

"ఊరికే నిలబడితే సున్నాయే. పని చేస్తేనే ఒకటి."

"మరి హాల్లో సున్నాగా ఎవరుంటారే?" ఆఖరి ఆశతో అడిగాను.

"గది ఉంటే చాలంట, అందులో ఎవరూ లేకపోయినా సున్నాయేనంట. ఇవాళే చెప్పింది టీచరు."

మా ఆవిడ పీచు తెచ్చి చేతిలో పెట్టింది. వంటగదిలోకి నడిచాను. మూడో గిన్నె తోముతుండగా వందల గదిలోంచి కేక వినిపించింది.

"ఏమండీ, రేపటికి నూట తొమ్మిదట! ఇంకో గిన్నె నేను వేస్తాలెండి!"