వేలు పెట్టని కూర

ఆ ఉదయం గొట్టాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక కూర వండాలి. మధ్యాహ్నం భార్య వచ్చి తినాలి. తిన్నాక మళ్ళీ మెట్లెక్కి పోకుండా ఇంట్లోనే ఉండిపోవాలి. మనిషన్నవాడు ఇంతకన్నా తక్కువ కోరుకోలేడు. తక్కువ కోరుకున్నంత మాత్రాన జరుగుతుందన్న పూచీ లేదన్న సంగతి, జుట్టు నెరిసినా ఆయనకి వంటబట్టలేదు.

ఇళ్ళకీ హోటళ్ళకీ పొగ గొట్టాలూ, పొగ లాగే ఫ్యాన్లూ బిగించడం ఆయన పని. తనుండే బిల్డింగుకీ ఆయనే బిగించాడు. ఆయనకో అలవాటుంది. భార్య వండుతుంటే వెనకనుంచి పిల్లిలా వచ్చి, గిన్నెలో వేలు ముంచి, నాకి, "ఉప్పు తక్కువైంది" అంటాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి నిజంగానే తక్కువైంది. ఆ తర్వాత పాతికేళ్ళూ, కొందరు కుర్చీలో కూలబడుతూ "అమ్మయ్య" అన్నట్టు, నోటి అలవాటు కొద్దీ అంటూ వచ్చాడు. పోయిన వారం చుట్టాల ముందు కూడా అనేసరికి ఆమె గరిటె కింద పెట్టి, అదే బిల్డింగులో నాలుగో అంతస్తులో ఉంటున్న అక్కగారింటికి వెళ్ళిపోయింది. కట్టుబట్టలతో వెళ్ళింది. పోపులపెట్టె మాత్రం మరిచిపోలేదు.

నిన్న మెట్ల మీద ఎదురుపడి షరతు చెప్పింది.

"రేపు మీరు వండండి. ఒక్క కూర. వేలు పెట్టకుండా వండాలి. నేను తిని చెప్తాను."

"ఏం చెప్తావ్?"

"ఉండేదో పోయేదో."

అందుకే పొద్దున్నే మసాలా దినుసుల కొట్టు తెరవకముందే ఆయన గుమ్మం ముందున్నాడు. కొట్టాయన ధనియాలు నలిపి ముక్కు దగ్గర పెట్టాడు. లవంగాన్ని గోటితో నొక్కి నూనె చెమర్చడం చూపించాడు. కాగితంలా చుట్టుకుపోయిన దాల్చినచెక్కని విరిచి చప్పుడు వినిపించాడు. పెళ్ళిచూపుల్లో కూడా తనకి ఇంత వివరంగా చూపించలేదనుకున్నాడు మేస్త్రి.

"సరుకు మంచిదండీ, కానీ చెయ్యి కూడా మంచిదవ్వాలి," అన్నాడు కొట్టాయన. "ఒక్కోటీ విడివిడిగా వేయించండి. సన్న సెగ. ఎండుమిరపకాయలు ఆఖర్న."

"తెలుసులేవయ్యా," అన్నాడు మేస్త్రి. ఏమీ తెలియనివాళ్ళ నోటికి ఆ మాట తొందరగా వస్తుంది.

ఇంటికొచ్చి మూకుడు పెట్టాడు. విడివిడిగా వేయిస్తూ కూర్చుంటే తెల్లారినట్టే అనిపించి, సగం సరుకంతా ఒకేసారి గుమ్మరించి మంట పెద్దది చేశాడు. ధనియాలు ఇంకా నిద్రలోనే ఉన్నాయి, మిరపకాయలు మాత్రం నల్లగా మాడి పొగలు చిమ్మాయి. ఒక్క దగ్గు దగ్గి ఆయన ఫ్యాను వేశాడు. తను బిగించిన ఫ్యానే. గదిలోని పొగనంతా గుటుక్కున మింగేసింది. తన పనితనానికి తానే మురిసిపోయాడు. మింగిన పొగ ఎక్కడికి పోతుందన్న ఆలోచన రాలేదు. ఆ ఆలోచన గొట్టాలు వేసిన రోజునే రాలేదు, ఇప్పుడెందుకొస్తుంది?

మాడిన సరుకు పారబోసి, సిగ్గు చచ్చి, మిగిలిన సగాన్ని కొట్టాయన చెప్పినట్టే విడివిడిగా మొదలుపెట్టాడు. ఈసారి నిజంగానే వంట కుదురుతోంది. జీలకర్ర రంగు తిరిగింది, మిరియాలు చిటపటలాడాయి. ఆ కమ్మదనంలో ఉండగా ఎదురింటి లెక్కల మాస్టారు తలుపు కొట్టాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"మేస్త్రీ, నీకేమైనా వాసనొస్తోందా?"

మేస్త్రి గుండె పొంగింది. "రాకేం మాస్టారూ. బ్రహ్మాండంగా వస్తోంది."

"ఎప్పట్నించీ?"

"ఇందాకట్నించీ. ఇదేం చూశారు, ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నానికి బిల్డింగంతా లేచి కూర్చుంటుంది."

మాస్టారి మొహం పాలిపోయింది. "మరి నువ్వింత నిమ్మళంగా ఉన్నావేం?"

"నా చేతిలో పనే కదండీ."

మాస్టారు మరో మాట మాట్లాడకుండా రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు. వాసనకే మనిషి ఊగిపోతున్నాడు, తింటే ఏమైపోతాడో అనుకుంటూ మేస్త్రి తలుపేసుకున్నాడు. మసాలా చల్లార్చి మిక్సీ వేశాడు. బంగాళాదుంపలు ఉడికించి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, పొడి చల్లి కూర దించాడు. పక్కన అన్నం కూడా అయింది. మెట్ల మీద జనం పరుగులు, దగ్గులు, "దిగండి, దిగండి" అన్న కేకలు మిక్సీ చప్పుడులో కలిసిపోయాయి. వేలు మూడుసార్లు గిన్నె దాకా వెళ్ళింది. మూడుసార్లూ రెండో చేత్తో పట్టుకుని ఆపాడు. మనిషికి తన వేలే పగవాడని అప్పుడు తెలిసింది.

అంతలో తలుపు దడదడలాడింది. ఫైరింజను మనుషులు. ఒకడు స్టవ్వుకి గ్యాస్ కట్టేశాడు, ఇంకొకడు ఆయన్ని జబ్బ పట్టుకుని కిందికి లాక్కెళ్ళాడు.

వీధిలో బిల్డింగంతా నిలబడి ఉంది. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. గ్యాస్ లీకైందని మాస్టారు ఫోన్ చేశాడట. మేస్త్రి తనకి బాగా తెలుసని ఒప్పుకున్నాడని కూడా చెబుతున్నాడు. గుంపులో భార్య కనిపించింది. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆయన జనాన్ని తోసుకుంటూ దగ్గరికి పరుగెత్తాడు. ఎంత పోట్లాడినా కట్టుకున్నది కదా.

"ఏడవకు. నాకేం కాలేదు, బాగానే ఉన్నాను."

"మీకోసం ఎవరేడ్చారు మరిదీ?" అంది పక్కనున్న వదిన, అదే, నాలుగో అంతస్తు అక్కగారు, ముక్కు తుడుచుకుంటూ. "మా వంటింట్లోకి గొట్టంలోంచి మిరపకాయ ఘాటు దిగింది. ఇద్దరం తుమ్మి తుమ్మి చచ్చాం."

అప్పుడు వెలిగింది మేస్త్రికి. ఒక్కో వంటింటికి ఒక్కో గొట్టం డాబా మీదాకా విడిగా వెయ్యాల్సింది. ఎవడు మొయ్యగలడని అన్నిటినీ కలిపి ఒకే గొట్టంలోకి తిప్పాడు. ఆ గొట్టం మూతిలో ఈమధ్య పావురాలు గూడు కట్టాయని తెలిసి కూడా, రేపు చూద్దాంలే అనుకున్నాడు. పైకి దారిలేని పొగ అందరి ఇళ్ళలోకీ తిరిగి దిగింది. ఆయన నోరు మూసుకుని, ఎర్రబడని తన కళ్ళు రెండూ గట్టిగా నలుపుకున్నాడు.

ఫైర్ ఆఫీసరు బిల్డింగు మొత్తానికి గ్యాస్ కట్టేయించాడు. కారణం తేలేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదన్నాడు. భోజనాల వేళ దాటుతోంది. పిల్లలు ఆకలని గోల పెడుతున్నారు. భార్య దగ్గరికొచ్చింది.

"వండారా?"

"వండాను."

"తీసుకురండి. ఇక్కడే తింటాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెస్తే దొరికిపోతాడు, తేకపోతే ఆమె పోతుంది. కూరా అన్నమూ తెచ్చాడు. మూత తియ్యగానే దగ్గులన్నీ ఆగాయి. కంచాలు లేక అందరూ అరచేతులే పట్టారు. మాస్టారైతే రుమాలు జేబులో పెట్టేసి రెండోసారి వడ్డించుకున్నాడు.

"ఏమ్మా, నీ చేతికి తిరుగు లేదు," అన్నాడు ఆమెతో. "గ్యాస్ పోయే ముందే వండి పెట్టావు చూడు, అదీ ముందుచూపంటే."

అందరూ ఆమెనే పొగిడారు. అసలు సంగతి తెలిసిన వదిన కూడా పొగిడింది. మేస్త్రి వడ్డిస్తూనే లెక్క వేసుకున్నాడు. ఆ కూర నాదంటే పొగా నాదే అవుతుంది. జీవితంలో ఒక్కసారి మంచి పని చేస్తే అది కూడా చెప్పుకునే యోగం లేదు.

ముద్ద నోట్లో పెట్టుకోబోయిన ఆఫీసరు ఆగాడు. వాసన చూశాడు. బిల్డింగు వైపు చూశాడు. మళ్ళీ ముద్ద వైపు చూశాడు.

"లోపల నాకు కొట్టింది ఈ వాసనే. ఇదెవరు వండారు?"

అన్ని తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆమె తల మేస్త్రి వైపు తిరిగింది.

"నేనే," అన్నాడు మేస్త్రి.

"మరి ఆ గొట్టాలు వేసిన మహానుభావుడెవడు?"

"అదీ నేనే."

ఆఫీసరు ముద్ద మింగేసి తీర్పు చెప్పాడు. గొట్టాలన్నీ పీకాలి, ప్రతి ఇంటికీ విడిగా వెయ్యాలి, ఆ రెండూ మొదట వేసినవాడే చెయ్యాలి. అప్పటిదాకా గ్యాస్ లేదు. ఇందాక కూర తిన్న నోళ్ళే ఇప్పుడు మేస్త్రిని తినడం మొదలుపెట్టాయి. మాస్టారు అందరికన్నా గట్టిగా తిట్టాడు, మూతి తుడుచుకున్నాక.

పొయ్యి వెలగని ఇంట్లో ఉండలేక వదినా, భార్యా ఊరవతల ఉన్న తమ చెల్లెలి ఇంటికి బయలుదేరారు. భార్య చంకలో పోపులపెట్టె ఉంది. మేస్త్రి వెంటపడ్డాడు.

"నువ్వన్నట్టే వేలు పెట్టలేదు. ఒట్టు. ఏదో ఒకటి చెప్పి వెళ్ళు."

ఆమె ఆగింది. వేలికంటిన ఆఖరి మెతుకుని నాకింది.

"ఉప్పు తక్కువైంది," అని ఆటో ఎక్కింది.

ఆయన వెనక్కి పరుగెత్తి గిన్నెలో వేలు పెట్టాడు. తుడిచినట్టుంది.