ఈల మానేసిన కారు

ఆయన కారు ఈల వేయడం మానేసి పదకొండు నెలలైంది.

టర్బో ఉన్న కారు అలా నోరు మూసుకుని ఉండకూడదు. ఇంజను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని ఇంజనులోకి కూరుతుంది, ఆ తిరుగుడులో సన్నగా ఒక ఈల పుడుతుంది. తొమ్మిదేళ్ల కిందట ఆ ఈల విని మనసు పారేసుకునే ఆయన ఈ పాత కారు కొన్నాడు. "ఈల వేస్తే వెంటపడే వయసా మీది?" అని భార్య అప్పుడే అడిగింది.

ఆయన్ని అందరూ ఊఁకారం అంటారు. భార్య పెట్టిన పేరే. ఏమడిగినా ఊఁ అంటాడు కాబట్టి అమ్మానాన్నలు పెట్టిన పేరుకన్నా ఇదే బాగా అతికింది. ప్రింటింగ్ ప్రెస్సులో పెద్ద మిషను దగ్గర ఇరవయ్యారేళ్లుగా పని. ఆ మిషను తిరుగుతుంటే పక్కవాడు ఏమంటున్నాడో మూతి చూసి పోల్చుకోవలసిందే.

ఆమెది బస్టాండులో ఎంక్వైరీ కౌంటరు. ఏ బస్సు ఎప్పుడొస్తుంది, వస్తానన్న బస్సు ఎందుకు రాలేదు అని అడిగేవాళ్లకు అద్దం వెనక నుంచి పొద్దస్తమానం గొంతు చించుకుని జవాబు చెబుతుంది. అందుకని ఇంట్లో మెల్లగా మాట్లాడుతుంది. ఆమె మెల్లగా ఏదో అడుగుతుంది, ఈయన ఊఁ అంటాడు. ఆ ఇంటి సంసారమంతా ఆ ఒక్క అక్షరం మీద నడుస్తోంది.

ఈమధ్య ఇంట్లో ఒక్కొక్కటే నోరు మూసుకుంది. మొదట కెటిల్. నీళ్లు మరిగితే కూత పెట్టేది, మానేసింది. కొత్తది కొంటే అదీ మూగదే వచ్చింది. వస్తువుల్లో ఇదివరకటి నాణ్యత లేదని నిట్టూర్చాడు. బట్టలు ఉతకడం అయిపోతే కుయ్యిమనే వాషింగ్ మెషిన్ కూడా మూతి ముడుచుకుంది. తలుపు గంటకు మూడుసార్లు బ్యాటరీలు మార్చాడు. కిటికీ దగ్గర పిచ్చుకలు ఊరొదిలి పోయాయి. ఆఖరికి ఆమె కూనిరాగం కూడా పోయింది.

అద్దం ముందు తల దువ్వుకుంటూ తీసే కూనిరాగం అది. పెళ్లయిన దగ్గర నుంచి ఒకటే పాట, అందులోనూ పల్లవి దాటి చరణం రాదు. అదెప్పుడు ఆగిందో ఆయన గమనించలేదు. తను పెళ్లిరోజు మరిచిపోయిన దగ్గర నుంచి అయ్యుంటుందని లెక్క వేసుకున్నాడు. అడుగుదామనుకున్నాడు గాని ధైర్యం చాలలేదు. మీ మీద విసుగొచ్చి మానేశాను అంటే ఏం చేస్తాడు పాపం.

నిజం చెప్పాలంటే ఆయనకు దిగులుగా ఉండేది. సాయంత్రాలు ఇద్దరూ ఒకే గదిలో కూర్చునేవారు. ఆమె ఏదో అనేది, ఈయన ఊఁ అనేవాడు, ఆమె కాసేపు చూసి లేచి వెళ్లిపోయేది. ఇంట్లో మనిషి ఉన్నా ఇల్లు ఖాళీగా ఉండేది. పైగా తనతో ఒక్క మాటైనా చెప్పకుండా పనులు చేసేస్తోంది. ఒకరోజు ప్రెస్సు నుంచి వచ్చేసరికి ముందుగది గోడలు గులాబీ రంగులో ఉన్నాయి. ఇంకోరోజు తన పడక్కుర్చీ బావమరిది ఇంటికి వెళ్లిపోయింది. ఇదేమిటంటే "మీరు ఊఁ అన్నారుగా" అంటుంది.

ఆమెను ఎలా మాట్లాడించాలో ఆయనకు తెలియలేదు. కారును మాత్రం మాట్లాడించగలననుకున్నాడు. ఈల తిరిగొస్తే తనతో ఇంకా పలికేది ఒక్కటైనా మిగిలినట్టే కదా అని ఆయన ఆశ.

స్పేర్ పార్టుల కొట్టు యజమాని దగ్గర దానికి మందు దొరికింది. టర్బో కూరే గాలి వేడెక్కి పోతుంది, దాన్ని చల్లార్చడానికి బంపరు వెనక జల్లెడలాంటి ఇంటర్‌కూలర్ ఉంటుంది, అంతకన్నా పెద్దది వేస్తే కారు గొంతు విచ్చుకుంటుంది అన్నాడు. అమ్మేవాడు చెప్పాక అబద్ధం ఎందుకవుతుంది? మోసుకొచ్చి హాల్లో పెట్టాడు.

"ఏమిటిది?" అంది ఆమె, ఎదురుగా వచ్చి గొంతు పెంచి.

"ఇంటర్‌కూలర్. గాలిని చల్లబరుస్తుంది."

"మన గదిలో ఏసీ పోయి రెండు వేసవులైంది. దాన్నొదిలేసి కారుకి తెచ్చారా?"

"ఇది ఇంజనుకోయ్."

"ఇంజను తనకి ఉక్కపోస్తోందని మీతో చెప్పుకుందా? దాని మాటలైతే వినబడతాయన్నమాట."

మాట ఎటో పోతోందని ఆయన ఊఁ అన్నాడు.

"మెకానిక్కి ఇవ్వండి."

"నాలుగు బోల్టులకి మెకానిక్ ఎందుకు? రేపు శుక్రవారం సెలవు పెట్టాను. సాయంత్రానికి అయిపోతుంది."

"శనివారం పొద్దున మనం వెళ్లాలి. గుర్తుందా?"

ఎక్కడికో ఆయనకు బొత్తిగా తెలియదు. అడిగితే దొరికిపోతాడు. "ఎందుకు గుర్తులేదు?" అన్నాడు.

శుక్రవారం షెడ్డులో బంపరు మీద పడ్డాడు. దానికి పదహారు మరలు, పది ప్లాస్టిక్ క్లిప్పులు. ఆ క్లిప్పులు ఊడదీస్తే ఊడవు, విరిగితే వస్తాయి. పదీ వచ్చాయి. కొత్త ఇంటర్‌కూలర్ పాతదాని చోట పెట్టబోతే జానెడు పొడుగెక్కువ తేలింది. అడ్డొచ్చిన ప్లాస్టిక్‌ను రంపంతో రెండు చోట్ల కోశాడు. అందులో ఒకటి కోయవలసిన చోటే.

గొట్టాలు తగిలించి క్లాంపులు బిగించేసరికి సాయంత్రమైంది. ఇక లీకు పరీక్ష. ఒక కొస మూసేసి రెండో కొస నుంచి పంపుతో గాలి కొట్టమని కొట్టు యజమాని చెప్పాడు. ఎక్కడైనా వదులుంటే బుస్సుమంటుందట. అనుమానముంటే సబ్బునీళ్లు రాస్తే బుడగలొస్తాయట. చెవులున్నవాడికి సబ్బునీళ్లెందుకని ఆయన దాన్ని కొట్టిపారేశాడు.

"ఏమోయ్, కాస్త కాలితో ఈ పంపు తొక్కుతావా?"

ఆమె అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. ఏమనుకుందో ఏమో, చేతిసంచి పక్కన పెట్టి వచ్చి తొక్కడం మొదలుపెట్టింది. ఆయన తల ఇంజను పక్కకు దూర్చి చెవి ఒగ్గాడు. ఇద్దరూ కలిసి ఒక పని చేసి ఎన్నాళ్లైందోనని లోపల్లోపల సంబరపడ్డాడు.

"బుస్సుమంటోందండీ" అంది ఆమె.

"ఊఁ."

"ఎడమవైపు. కింద."

"ఊఁ."

"పాము దూరినట్టుంది."

"ఊఁ" అని ఆయన తల బయటికి తీసి, చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "ఒక్క చప్పుడు వినిపిస్తే ఒట్టు. పని అంటే ఇదీ."

ఆమె పంపు మీద కాలు అలాగే ఉంచి చాలాసేపు ఆయన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందుకే ఆయనకు భయం వేసింది. మిగిలిపోయిన రెండు బోల్టులు జేబులో వేసుకుని బంపరు పెట్టేశాడు. క్లిప్పులు లేని చోట తాడు కట్టాడు.

శనివారం పొద్దున ఆమె ముస్తాబై, చేతిలో ఒక ఫైలుతో వచ్చి కారెక్కింది. ఎక్కడికో కనిపెట్టాలని ఊఁకారం తెలివిగా, "ఏ దారిన పోదాం?" అని అడిగాడు.

"మీకు గుర్తుందన్నారుగా. ఎలా తీసుకెళ్తే అలా వస్తాను" అంది.

ముందు కారు సంగతి తేల్చుకుందామని వీధి చివరిదాకా పోనిచ్చి గట్టిగా తొక్కాడు. ఈల లేదు. వెనక్కి తిప్పి ఇంకాస్త తొక్కాడు. కారు పరుగెత్తింది గాని నోరు విప్పలేదు. పక్కకు చూస్తే ఆమె రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఉంది.

"ఏం, తలనొప్పా?" అన్నాడు. ఆమె ఏదో అంది. "ఊఁ" అని, మూడోసారి తమ ఇంటి ముందే ప్రాణమంతా కాలిలో పెట్టి తొక్కాడు.

ఢామ్మంది. అది మాత్రం ఆయనకు శుభ్రంగా వినబడింది. వదులుగా ఉన్న గొట్టం ఊడిపోయింది, వెనక నుంచి కాటుకలాంటి పొగ లేచి ఎదురింట్లోకి నడిచింది. ఎదురింట్లో ఉండేది పళ్ల డాక్టరు. వారానికి సరిపడా ఏడు తెల్లకోట్లు ఉతికి అప్పుడే ఆరేశాడు.

పొగ తేలిపోయాక డాక్టరు ఒక కోటు పట్టుకుని గేటు దగ్గరకు వచ్చాడు. "ఇవి వేసుకుని కూర్చుంటే నన్ను బొగ్గులు అమ్మేవాడనుకుంటారండీ" అన్నాడు. "తొమ్మిదేళ్లుగా మీ కారు ఈలకే నిద్ర లేస్తున్నాను. ఏనాడైనా ఒక్క మాటన్నానా? కానీ ఇవాళ్టి ఈల మరీ అన్యాయం. నా డ్రిల్లు నయం."

"ఏ ఈల?" అన్నాడు ఊఁకారం.

"ఇప్పుడు వేసిందే. మూడుసార్లు."

"ఈల మానేసి పదకొండు నెలలైందండీ."

"ఎవరు మానేశారు?" అని డాక్టరు ఆమె వైపు చూశాడు. ఆమె ఫైలు వైపు చూసుకుంది.

ఊఁకారం బానెట్ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. కొత్త కెటిల్ గుర్తొచ్చింది. తలుపు గంటలో మార్చిన బ్యాటరీలు గుర్తొచ్చాయి. "మరి పిచ్చుకలు?" అన్నాడు.

"ఏ పిచ్చుకలు?" అంది ఆమె.

"కిటికీ దగ్గరవి. ఊరొదిలి పోయాయిగా."

ఆమె కరెంటు తీగ వైపు చెయ్యి చూపించింది. తొమ్మిదో పదో ఉన్నాయి. అన్నిటి ముక్కులూ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. వాటి నుంచి ఒక్క చప్పుడైనా ఆయన దాకా రాలేదు. అవి ఎక్కడికీ పోలేదు. తనే ఎక్కడికో వచ్చేశాడు.

లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఆయన ముఖానికి ఎదురుగా వంగి ఆమె గట్టిగా చెప్పింది. "మూడు నెలల కిందట కొత్త కెటిల్ కూత పెడుతుంటే దాని పక్కనే నిలబడి ఇదీ మూగదే అన్నారు. అప్పుడు తెలిసింది నాకు. దానికి ముందు ఎనిమిది నెలలు, నా మాటంటే మీకు మొహం మొత్తిందనుకున్నాను. కౌంటర్లో ఊరందరికీ జవాబు చెబుతాను, నాకు జవాబు చెప్పేవాళ్లు లేరని ఏడుపొచ్చేది."

"తెలిశాక చెప్పొచ్చుగా?"

"చెప్పాను. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామా అంటే ఊఁ అన్నారు. శనివారం పదకొండింటికి రాయించనా అంటే ఊఁ అన్నారు." ఫైల్లోంచి చీటీ తీసి చూపించింది. దాని మీద ఆ రోజు తేదీయే ఉంది. "గులాబీ రంగైనా, పడక్కుర్చీ అయినా, మీరు ఊఁ అనకుండా నేను ఒక్క పనైనా చేశానా?"

ఆయన తల వంచుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏమిటలా కొరుకుతున్నావన్నాడట. తను అంతకన్నా ఘనుడు, కొరకడానికి ఒప్పుకున్నాడు కూడా.

కారు కదలదు కాబట్టి బస్సులో వెళ్లారు. "పదింబావు బస్సు పదిన్నరకి వస్తుంది, తొందరేం లేదు" అంది ఎంక్వైరీ కౌంటరు. దారిలో ఆమె కిటికీ వైపు తిరిగి ఏదో అంది, బస్సు చప్పుడులో ఈయన అలవాటుగా ఊఁ అన్నాడు. పళ్ల డాక్టరు ఏడు కోట్లూ తనే ఉతకడానికి ఒప్పుకున్నట్టు బస్సు దిగాక తెలిసింది.

చెవుల డాక్టరమ్మ ఆయన్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చింది. చప్పుడు వినబడినప్పుడల్లా నొక్కమంది. కాసేపటికి తలుపు తీసి, "నేనింకా ఏ చప్పుడూ పెట్టలేదండీ, ఎందుకు నొక్కుతున్నారు?" అని అడిగింది.

"ఆయనకది అలవాటమ్మా" అంది బయట కూర్చున్న ఆమె.

ప్రెస్సు మిషను ఏళ్ల తరబడి చెవిని కొద్దికొద్దిగా తినేసిందనీ, సన్నటి చప్పుళ్లు ముందు పోతాయనీ డాక్టరమ్మ చెప్పింది. చెవుల వెనక చిక్కుడు గింజంత మిషన్లు పెట్టి వారం రోజులు వాడి చూడమంది.

ఆదివారం పొద్దున కోట్లు ఉతికాడు. మధ్యాహ్నం గొట్టం తగిలించి ఆమె చేత మళ్లీ పంపు తొక్కించాడు. ఎడమవైపు కింద బుస్సుమంది. నిజంగా పాము దూరినట్టే ఉంది. క్లాంపు బిగించి, ఈసారి సబ్బునీళ్లు కూడా రాశాడు. జేబులోని రెండు బోల్టులకూ చోటు దొరికింది.

సాయంత్రం క్లిప్పులు కొనడానికి ఇద్దరూ కారెక్కారు. వీధిలో కాస్త దూరం పోనిచ్చి, మలుపు దాటాక తొక్కాడు.

ఈల వచ్చింది. సన్నగా మొదలై పైకి లేచి, వీధంతా పాకింది. పదకొండు నెలలు దాని కోసమే మొహం వాచిపోయిన మనిషి, రెండో ఈల దాకా ఆగకుండా కారు పక్కకు తీసి ఇంజను ఆపేశాడు.

పక్క సీట్లో ఆమె, ఎదుట ఉన్న చిన్న అద్దంలో చూసుకుంటూ, చెదిరిన జుట్టు సర్దుకుంటోంది. సర్దుకుంటూ పాడుకుంటోంది. అదే పల్లవి. చరణం దగ్గరకు వచ్చి మళ్లీ మొదటికి పోయింది.

"ఆపేశారేం? మళ్లీ గొట్టం ఊడిందా?"

"ఎప్పుడు మొదలుపెట్టావు?" అన్నాడు.

"ఏమిటి?"

"పాట."

"నేనెప్పుడు ఆపాను?" అంది ఆమె.

ఆయన స్టీరింగు పట్టుకుని ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకు కనబడకుండా తుడుచుకోబోతే చేతికున్న మసి ముఖానికంటింది. ఆమె చూసీ చూడనట్టు కిటికీ వైపు తిరిగి, పెదవి కదిలిందో లేదో అన్నట్టుగా మెల్లగా అడిగింది.

"ఈ డొక్కు కారు అమ్మేద్దామా?"

ఊఁ నోటిదాకా వచ్చింది. ఆయన దాన్ని మింగేశాడు.

"ఊహూఁ" అన్నాడు.

ఆమె గిరుక్కున ఇటు తిరిగింది. ఏడాది తర్వాత తన మాటకు అడ్డు చెప్పిన మొగుణ్ని కళ్లారా చూసుకుంది.

"ఇంకోసారి అనండి" అంది.