మార్కెట్ చుట్టూ లెసియెలి

శనివారం పొద్దున్నే లెసియెలి బుట్ట చంకన పెట్టుకుని, గట్టి నిర్ణయంతో ఇల్లు కదిలింది. టోంగా దీవుల రాజధాని నుకుఅలోఫా రేవు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, నెలనెలా జీతం. అయినా నెల సగమయ్యేసరికి చేతిలో చిల్లిగవ్వ మిగలదు. చర్చిలో ఏడాదికోసారి కానుకల రోజున ఇంటింటి పేరూ, ఇచ్చిన మొత్తమూ మైకులో చదువుతారు. నిరుడు ఆమె పేరు పక్కన వినిపించిందంతా అప్పు సొమ్మే. ఆ సంగతి మేనత్త ఆకానెసికి తెలియదు. టోంగాలో ఇంటి యజమాని ఎవరైనా కావచ్చు గానీ, మాట చెల్లేది మేనత్తది.

నిర్ణయం చిన్నదే. అనుకోని వస్తువు ఏది కొనబుద్ధయినా, ముందు మార్కెట్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. తిరిగొచ్చాక కూడా కావాలనిపిస్తేనే కొనాలి.

ముత్యపుచిప్ప జూకాలు కనిపించగానే మొదటి చుట్టు మొదలుపెట్టింది. చేపల బల్లల దగ్గరికి వచ్చేసరికి, అలాంటివే ఇంట్లో రెండు జతలున్నాయని గుర్తొచ్చింది. పూల గొడుగు కోసం రెండో చుట్టు. ఎండలో చెమటలు కక్కుతూ మూడో చుట్టులో ఉండగా, అనాసపళ్ళు అమ్మే తోకిలూపే పలకరించింది.

"ఏంటే, గానుగెద్దులా తిరుగుతున్నావు? ఏమన్నా పోగొట్టుకున్నావా?"

"నా జీతమంతా ఎటు పోయిందో చూసుకుంటున్నా వదినా" అని నవ్వేసి సాగిపోయింది లెసియెలి.

అదే క్షణంలో బస్సు హారన్ మోగింది. తోకిలూపే చెవిన పడినవి రెండే మాటలు: జీతమంతా, పోయింది.

ఆమె వెంటనే అనాసపళ్ళ కుప్ప ఎత్తి కిందంతా చూసింది. చేపలాయనకు చెప్పింది. ఆయన ఐసు పెట్టెలన్నీ జరిపించాడు. బస్సు డ్రైవరు ప్రయాణికులను దింపి సీట్ల కింద వెతికించాడు. నాలుగో చుట్టు తిరిగొచ్చిన లెసియెలికి మార్కెట్ మార్కెట్టంతా నడుం వంచి కనిపించింది.

"ఏం పోయింది?" అని అడిగింది.

"ఎవరిదో జీతం కవరు పోయిందట, పాపం. పిల్లల తల్లట" అన్నాడు ఒక ముసలాయన, నేల మీంచి తలెత్తకుండానే.

"అయ్యో" అంది లెసియెలి. బుట్ట పక్కన పెట్టి తనూ బల్ల కింద దూరింది.

ఆమె అక్కడ ఉండగానే ఆ కబురు విని వచ్చిన మేనత్త ఆకానెసి చేపల వ్యాను మీద ప్రత్యక్షమైంది. "మా అన్న కూతురు నెల జీతం పోగొట్టుకుంది. నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు. ఇవాళ అడుగుతున్నా" అంది. అంతే, ఆవిడ పట్టుకున్న బట్టల బేసిన్‌లో పాంగా నోట్లు రాలాయి. బల్ల కింది నుంచి బయటికొచ్చిన లెసియెలి చేతుల్లో ఆ బేసిన్ పెట్టి, "ఇక ఏడవకు" అంది మేనత్త.

లెసియెలి అప్పటిదాకా ఏడవలేదు. ఇప్పుడు ఏడుపొచ్చినంత పనైంది. నిజం చెబితే నలుగురిలో మేనత్త పరువు పోతుంది. ఊరుకుంటే ఈ ఏటి కానుక గట్టెక్కుతుంది. అంత డబ్బు చేతిలో పడగానే కొనదగినవన్నీ కళ్ళముందు వరస కట్టాయి.

"ఒక్క నిమిషం అత్తా" అని, బేసిన్ ఎత్తుకుని, జనమంతా చూస్తుండగా ఐదో చుట్టు తిరిగింది.

తిరిగొచ్చి, "నా జీతం పడిపోలేదు. నేనే ఖర్చుపెట్టేశాను. నిరుడు కానుక కూడా అప్పు చేసే ఇచ్చాను" అంది.

అందరూ మేనత్త ముఖం చూశారు. ఆవిడ వ్యాను మీంచి మెల్లగా దిగింది.

"ఏం కొన్నావే అంతగా?"

"ఆకలేసి కొన్నవి తక్కువత్తా. ఆఫీసులో మాట పడ్డ రోజున కొన్నవే ఎక్కువ. ఇవాళ ఏది కొనబుద్ధయినా ముందు ఒక చుట్టు తిరుగుతుంటే తెలిసింది."

మేనత్త బేసిన్ అందుకుని బల్ల మీద పెట్టింది. "నాకు కోపమొస్తే చీపుళ్ళు కొంటాను. ఇంట్లో పదకొండున్నాయి" అంది. ముందు తోకిలూపే నవ్వింది, తరువాత మార్కెట్టంతా నవ్వింది. బేసిన్‌లో డబ్బు ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. మేనత్త కళ్ళెదుట ఎవరూ తాము వేసినదానికన్నా చిల్లర కూడా ఎక్కువ చెప్పలేదు.

ఆ ఏడు కానుకల రోజున లెసియెలి పేరు మైకులో వినిపించింది. మొత్తం నిరుటికన్నా చిన్నదే, కానీ ప్రతి పాంగా ఆమె సొంతం. ముందు వరసలో మేనత్త లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. చర్చిలో అలా కొట్టకూడదని ఆవిడకు చెప్పే ధైర్యం ఫాదరుకు కూడా లేకపోయింది.

ఇప్పుడు శనివారాల్లో ఏదైనా కొనబోయే ముందు మార్కెట్ చుట్టూ ఆడవాళ్ళు గుంపులుగా తిరుగుతున్నారు. ఎండలో దాహం వేస్తుంది గనుక, వెనక మూల ఆకానెసి కొబ్బరిబొండాల బల్ల పెట్టింది; అక్కడ కొనడానికి ముందు చుట్టు తిరగనక్కర్లేదని ఆవిడే తీర్మానించింది.