బజారు చేతులు, వంక నీళ్లు

"కలరా మహమ్మారిని బళ్లారి పొలిమేర దాటించేదాకా సైన్సు నిద్రపోదు!" అని ప్రకటించి, హెల్తాఫీసరు శంకరనారాయణగారు మధ్యాహ్నం దాకా నిద్రపోయారు.

లేచాక ప్రయోగం మొదలుపెట్టారు. బజారులో వ్యాపారం చేసే సెట్లకు కొత్త సూదిమందు. కూలివాళ్ల వీధికి ఏమీ లేదు. వేసవిలో కలరా ఎవరికొస్తుందో చూసి, మందు పనిచేసిందో లేదో తేల్చాలి.

"సూది ఎవరికో చీట్లు వేసి తీద్దామా సార్?" అన్నాను. నేను ఆయన కంపౌండర్ని.

"చీట్లా! విరూపాక్షయ్య సెట్టి పేరూ, హమాలీ దేవప్ప పేరూ ఒకే కుండలో కలుపుతావా? సెట్టి చీటీ మైలపడదూ?"

అంతలో దేవప్ప పెళ్లాం యల్లమ్మ వచ్చింది. "సామీ, మా వీధికి కొళాయి ఏపిచ్చండి. వంకలో పారే నీళ్లు తాగి బిడ్డలు జబ్బు పడతాండారు."

"ప్రయోగం తేలేదాకా వంక నీళ్లే తాగాలి. మధ్యలో కొళాయి వేస్తే సైన్సు చెడిపోతుంది!"

మా సెట్లకు ఒక ఆచారం ఉంది. కష్టమైన పనికి తమ బదులు కూలిమనిషిని పంపుతారు. మొక్కు సెట్టిదైతే గుండు దేవప్పది! మరి సూదికి మాత్రం తామే వెళతారా?

"నాకెందుకప్పా ఆ పోట్లు? నా పేరు చెప్పి నువ్వు పొడిపిచ్చుకో పో," అన్నాడు విరూపాక్షయ్య దేవప్పతో. బజారంతా అదే దారి పట్టింది; సెట్ల పెళ్లాం బిడ్డల పేర్లకు కూలివాళ్ల పెళ్లాం బిడ్డలు వెళ్లారు. సెట్ల మర్యాద కోసం తెర కట్టించిన ఆఫీసరుగారు, దాని కంతలోంచి వచ్చిన చేతినల్లా పొడుస్తూ పోయారు.

"చేతులకు ఇన్ని కాయలా! ఎంత కష్టజీవులయ్యా ఈ సెట్లు!" అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు.

వేసవిలో కలరా వచ్చింది. ప్రాణాలు పోలేదు గానీ సెట్లందరూ చెంబులు పట్టుకుని పరుగులే పరుగులు! కూలివీధిలో ఒక్కరికీ కలరా సోకలేదు. సూదులు పడింది ఎవరికో ఆఫీసరుగారికి విన్నవించాను.

"కాగితం మీద సెట్లకే పడ్డాయి! కాబట్టి సూది దండగ. కూలివాళ్లను కాపాడింది వంక నీళ్లే. ఇక కొళాయి వేస్తే వాళ్ల ఆరోగ్యం పాడవుతుంది!" అన్నారాయన. నాకు ఒళ్లు మండింది.

యల్లమ్మకు ఇంకా మండింది. వంకకు పోయి చెంబెడు నీళ్లు ముంచుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. అందులో తోకకప్ప ఒకటి ఈదుతోంది.

"తాగండి సామీ."

"నేనా! నేను తాగకూడదమ్మా! నేను బజారు గుంపువాణ్ణి!"

"కలరా వచ్చింది ఆ గుంపుకే గదా సామీ? అట్లయితే కాపాడే ఈ నీళ్లు మీకే ముందు కావాల. ఊఁ, తాగండి!"

చెంబు గడ్డం దాకా వచ్చింది. ఆఫీసరుగారు ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో కొళాయి వేయమని ఉత్తర్వు రాసేశారు.