సెలవు బటన్ తీసేసిన విజేత

సూరత్‌లో సాంచా అనే మరమగ్గం ఆగితే కూలి ఆగుతుంది. అదే ఏదైనా యాప్‌లో ఒక బటన్ ఆగితే ఎవరికో ప్రమోషన్ వస్తుంది! ప్రొడక్ట్ మేనేజర్ కొలువు ఇంత చల్లనిదని తెలియక మన పిల్లలు ఇంకా డాక్టరీ, కలెక్టరీ అంటూ కళ్లు పాడుచేసుకుంటున్నారు.

అక్కడి పర్వత్ పాటియాలో ఉండే విజేత అనే అమ్మాయినే చూడండి. తండ్రి దేవదాస్ సిరిసిల్ల నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. కూతురు కార్ఖానాల్లో హాజరు వేసే యాప్ కంపెనీలో అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్‌గా చేరింది.

"నువ్వు ఏం తయారు జేస్తవ్ బిడ్డా?"

"నేను చెయ్య బాపూ. ఏం చెయ్యాల్నో చెప్త."

"మరి చేసేదెవలు?"

"ఇంజినీర్లు. నేను మీటింగ్ పెడ్త."

దేవదాస్ ఛాతీ ఉబ్బింది. ఈ లక్షణాలు అతనికి ఇంతవరకూ కార్ఖానా యజమాని సేఠ్‌లో మాత్రమే కనిపించాయి!

మొదటి ఏడు విజేత యాప్‌లో సెలవు బటన్ పెట్టించింది. సేఠ్ ముందు చేతులు కట్టుకునే పని తప్పిందని కార్మికులు సంబరపడ్డారు. ఆమె హోదాలోంచి 'అసోసియేట్' ఊడిపోయింది.

రెండో ఏడు సేఠ్‌లు గొల్లుమన్నారు, సెలవులు మితిమీరాయని. విజేత పద్దెనిమిది మీటింగులు పెట్టి మూలకారణం కనిపెట్టింది. బటన్ ఉండబట్టే సెలవు అడుగుతున్నారు! తీయించేసింది. దరఖాస్తులు నూటికి నూరు శాతం తగ్గాయి. కార్మికుల్లో ఎందరిని అడిగిందంటారా? గ్రాఫ్ అంత అందంగా పడిపోతుంటే మనుషులతో పనేమిటండీ? 'సీనియర్' అయిపోయింది.

అందుకు కంపెనీలో సన్మానం, శనివారం మధ్యాహ్నం. తండ్రికోసం ముందు వరుసలో కుర్చీ అట్టిపెట్టించింది. అది ఖాళీగానే ఉంది. ఫోన్ చేస్తే ముందు సాంచాల మోత, తర్వాత దేవదాస్ కేక వినిపించాయి.

"ఎట్లొస్త బిడ్డా! ఛుట్టీ అడిగితే యాప్‌ల పెట్టుమంటుండు సేఠ్. యాప్‌ల బటనే లేదు, పొద్దుగాల సంది ఎతుకుతున్న. మీ ఆఫీసుల గా బటన్ తీసినోడు ఉంటడు గదా, జర అడుగు. తిట్టకు మల్ల, పిల్లలు గలోడేమో."

విజేత ఫోన్ పెట్టేసింది. అప్పుడే బాస్ ఉమాకాంత్ ఆమెను వేదిక మీదికి పిలిచాడు. మైకు ముందు నిలబడి, "తప్పు చేశాను. ఆ బటన్ మళ్లీ పెట్టాలి" అంది.

ఉమాకాంత్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. "యూజర్ గొంతు వినడమంటే ఇదీ!"

నెలలోపే బటన్ తిరిగొచ్చింది. సేఠ్‌లు నొచ్చుకోకుండా వాళ్ల ఫోన్లలోనూ విజేత ఒక చిన్న సదుపాయం పెట్టించింది. ఇరుపక్షాలనూ మెప్పించినందుకు డైరెక్టర్ అయింది.

ఈసారి ఆ ప్రమోషన్ విందుకు వారం ముందే తండ్రిని అడిగింది. "బాపూ, ఛుట్టీ పెట్టినవా?"

"పెట్టిన బిడ్డా, ఒక్క నొక్కుల పోయింది. ఒక్క నొక్కులనే వాపసొచ్చింది. సేఠ్ ఫోన్ల 'నామంజూర్' అని కొత్త బటన్ వచ్చిందట. గదెవలు పెట్టిన్రో గని, మస్తు పనిచేస్తుంది!"