మణిమాల పాదాలు ఎటు తిరిగాయంటే

మణిమాల పాదాలు సోమవారం ఉదయానికి తూర్పుకి తిరిగిపోయాయి. ముందురోజు ఆమె అభిమాన సంఘంలో తూర్పు కాలేజీకి మూడు చేతులు ఎక్కువ లేచాయి కాబట్టి ఇందులో వింతపడడానికేమీ లేదు. తల్లి చంద్రావతి పొయ్యి దగ్గర్నుంచి ఒకసారి తొంగిచూసి, చెప్పుల జతని కూడా తూర్పుకి తిప్పి పెట్టి, మళ్లీ దోసెల పనిలో పడింది.

గుత్తుల మణిమాల ఆరడుగుల పైన రెండంగుళాల పిల్ల. ములకలంక జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో ఏడు. బాస్కెట్‌బాల్‌లో జిల్లాకి ఆమే మొదటిదని పేపర్లో రాశారు. మూడు డిగ్రీ కాలేజీలు సీటిస్తామని కబురు పంపాయి. ఒకటి తూర్పున, ఒకటి పడమట, ఒకటి ఉత్తరాన. కబురు అందిన రోజు నుంచి ఆమె పాదాలు ఆమె మాట వినడం మానేశాయి. సంఘంలో ఎక్కువమంది ఎటంటే అటు తిరిగేవి.

ఆ ఊళ్లో పేరొచ్చిన ఆటగాళ్లకి ఇది మామూలే. వెనకటికి ఒక వాలీబాల్ ఆటగాడికి మెడ తిరిగింది. అతనిప్పుడు టికెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం చేస్తూ, ఎదురుగా ఎవరున్నా గోడవైపు చూసి మాట్లాడుతూ సుఖంగానే ఉన్నాడు.

పంచాయతీ కార్యదర్శి రోజూ సాయంత్రం ఐదింటికి దిక్సూచి పట్టుకుని వచ్చేవాడు. పాదాలు ఎటున్నాయో చూసి, కాగితం మీద రాసి, ముద్రవేసి, నోటీసు బోర్డుకి అంటించేవాడు. చర్చ ఎటూ తేలని రోజున ఈశాన్యం అని రాయాల్సి వచ్చేది. అప్పుడు మాత్రం విసుక్కునేవాడు.

"ఈశాన్యంలో కాలేజీ లేదమ్మా. మీవాళ్లని ఏదో ఒకటి తేల్చమను."

ఇబ్బందల్లా ఇల్లు దక్షిణాన ఉండడం. కాలేజీ నుంచి మణిమాల ఒకరోజు ఎండ్రకాయలా పక్కకి నడిచి, ఒకరోజు వెనక్కి నడిచి ఇంటికి చేరేది. ఆటకి మాత్రం అడ్డం లేదు. ఆట సాగుతున్నంతసేపూ అభిమానులకి మాట్లాడుకునే తీరిక ఉండదు. అంతసేపూ పాదాలు ఆమెవే. విరామం ఈల మోగగానే మళ్లీ వాళ్లవి.

సంఘం రోజూ మధ్యాహ్నం వాసంశెట్టి భీమశంకరం స్కూటర్ల షెడ్డులో కూర్చునేది. ఆయన మెకానిక్కూ, సంఘానికి అధ్యక్షుడూ.

"తూర్పు కాలేజీలో చెక్క కోర్టండీ. కాలు జారదు," అన్నాడు కొబ్బరికాయలు వలిచే చిట్టెబ్బాయి.

"చెక్క తింటారేంటయ్యా? పడమర కాలేజీలో ఆదివారం కోడికూర పెడతారు. పిల్ల బక్కగా ఉంది," అన్నాడు మంగలి షాపు నూకరాజు.

"పిల్ల నీసు ముట్టదు కదా."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి."

"అయితే అలవాటు చేసుకుంటుంది. మనం అనుకున్నాం కదా."

మణిమాలకి మాత్రం ఉత్తరం కాలేజీ ఇష్టం. అక్కడ చేపల పెంపకం మీద డిగ్రీ ఉంది. బాగున్న చెరువులో రొయ్యలు ఒక్కరోజులో ఎందుకు చచ్చి తేలిపోతాయో తెలుసుకోవాలని ఆమెకి ఎనిమిదో తరగతి నుంచీ కోరిక. చేరడానికి ఆఖరి రోజు నెలాఖరు శుక్రవారం. అందుకని ఒకనాడు ఆమె పక్కనడకన షెడ్డుకి వచ్చింది.

"బాబాయ్, నేనూ చెయ్యెత్తొచ్చా?"

భీమశంకరం చేతుల గ్రీజు తుడుచుకుని రిజిస్టరు మొదట్నుంచి చివరిదాకా ఓపిగ్గా చూశాడు.

"నీ పేరు లేదే తల్లీ."

"సంఘం నా గురించే కదా బాబాయ్."

"నీ గురించే. అందుకే నువ్వు లేవు. సభ్యత్వం కావాలంటే నీ మ్యాచ్‌లు మూడు, కోర్టు పక్క గట్టు మీద జనంతో కూర్చుని చూసుండాలి. నువ్వెన్ని చూశావు?"

మణిమాల ఆలోచించింది. ఒక్కటీ చూడలేదు.

"మీ అమ్మ రెండే చూసింది. ఆవిడకీ ఇవ్వలేదు. ఇంట్లోవాళ్లని ఊరికే చేర్చుకుంటే రేపు అందరూ అడుగుతారు," అన్నాడు ఆయన, నిజంగానే నొచ్చుకుంటూ.

సభ్యులు రెండు రోజులు తర్జనభర్జన పడి ఒక దారి చూపించారు. జట్టు జాబితాలో పేరుండి, మనిషి గట్టు మీద ఉంటే, అది ఆమె మ్యాచే, ఆమె చూసినట్టే. మణిమాల ఒప్పుకుంది. నెలాఖరులోపు మూడు మ్యాచ్‌లున్నాయి. ఆమె స్థానంలో పెచ్చెట్టి వెన్నెల దిగింది. అదే క్లాసు పిల్ల, రెండేళ్లుగా బల్లమీదే కూర్చుని నీళ్ల సీసాలు అందించింది.

మొదటి మ్యాచ్‌లో మణిమాలకి గట్టు కొత్త. అక్కణ్నుంచి చూస్తే బంతికి బరువు కనపడదు, అవతలి పిల్ల మోచెయ్యి కనపడదు, ఆయాసం వినపడదు. అన్నీ తేలిగ్గా ఉన్నాయి. రెండో మ్యాచ్‌లో, "అంత దగ్గర్లో ఎలా వదిలేసిందండీ," అని పక్కనున్న నూకరాజుతో తనే అంది. ఆయన వేరుసెనక్కాయలు ఆమె చేతిలో పోశాడు. మూడో మ్యాచ్‌లో వెన్నెల ఒక్కతే ముప్పై ఒక్క పాయింట్లు వేసింది. గట్టంతా లేచి నిలబడితే మణిమాల కూడా లేచింది.

ఆ సాయంత్రం ఆమె పాదాలు వదులయ్యాయి. కార్యదర్శి వచ్చి దిక్సూచి పెట్టి చూసి, "ఎవరూ ఏమీ అనుకోవట్లేదమ్మా నీ గురించి. ఇక నీ ఇష్టం," అని దిక్సూచి జేబులో వేసుకున్నాడు. ఆమె దక్షిణానికి, ఇంటికి, అందరిలా నడిచి వెళ్లింది.

నెలాఖరు శుక్రవారం సంచీ సర్దుకుని, ఉత్తరం బస్సు ఎక్కడానికి బయలుదేరింది. బస్సు పదకొండింటికి. కాలేజీ ఆఫీసు నాలుగింటికి మూస్తారు. పదకొండింటి బస్సు తప్పితే మళ్లీ సాయంత్రం గానీ లేదు. దారిలో ఎవరూ ఆపలేదు. షెడ్డులో సభ్యత్వం కార్డు తీసుకుని వెళ్దామని ఆగింది. ఆరోజు సంఘం పొద్దున్నే కూర్చుంది. వెన్నెలకి తూర్పు, పడమర కాలేజీల నుంచి కబురొచ్చింది. భీమశంకరం కార్డు చేతికిచ్చి, స్టూలు జరిపాడు. అయిదు నిమిషాలే కదా అని మణిమాల కూర్చుంది.

"పడమరే మంచిదండీ వెన్నెలకి," అంటున్నాడు నూకరాజు.

"వెన్నెలది ఎడమచెయ్యి," అంది మణిమాల. "పడమర కోచ్‌కి ఎడమచేతివాళ్లంటే పడదు."

షెడ్డంతా ఆమెవైపు తిరిగింది.

"ఆడిన పిల్ల చెబుతోంది, వినండయ్యా," అన్నాడు చిట్టెబ్బాయి.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆమె మాటని అంతమంది ఒక్కసారిగా విన్నది లేదు. ఆమె గొంతు సవరించుకుని చెక్క కోర్టు గురించి చెప్పింది. తూర్పు అయితే మనందరం వెళ్లి మ్యాచ్‌లు చూసి చీకటి పడకుండా వచ్చెయ్యొచ్చని కూడా చెప్పింది. అది అందరికీ నచ్చింది. సెంటర్లో బస్సు హారన్ రెండుసార్లు మోగింది. వంతెన ఎక్కుతున్న చప్పుడు కూడా వినిపించింది. అప్పటికి చేతులెత్తమంటున్నారు. మణిమాల చెయ్యి అందరికన్నా పైకి లేచింది.

గుమ్మం బయట నిలబడ్డ వెన్నెల పాదాలు ఇసకలో మెల్లగా తూర్పుకి జరిగాయి. ఆమె ద్వారబంధానికి రెండు చేతులూ ఆనించి లోపలికి వంగింది.

"మణీ, నాకు నర్సింగు చదవాలనుందే."

మణిమాల ఆమెవైపు చాలా ప్రేమగా చూసింది.

"నీ మంచి గురించే కదా మాట్లాడుకుంటున్నాం," అంది. "కాస్త ఆగు."