డెబ్బై రెండు మెట్ల కోట, ఒక కళ్ళజోడు

"ఇకమీదట దివ్యాంగులు కోట దగ్గరికి రానక్కర్లేదు. కోటే వాళ్ళ కళ్ళ దగ్గరికి వస్తుంది!" అని ఘనా పర్యాటక మంత్రి ఆనరబుల్ బెకో ప్రకటించగానే డప్పులు మోగాయి.

సముద్రపు ఒడ్డున ఉన్న ఆ కోటకు డెబ్బై రెండు మెట్లు. పైగదికి సున్నం పూసిన మేస్త్రీ తడి గోడ మీద తన అరచేతి ముద్ర వేసి, ఆ ఏడే పోయాడు. ఆ ముద్రలో చెయ్యి పెట్టాలని ఆయన కూతురు ఎకువా, చక్రాల కుర్చీలోంచే, పదకొండేళ్ళుగా అర్జీలు పెడుతోంది.

"పోనీ నలుగురు మోసుకెళ్తే?" అని ఓసారి అడిగితే వారసత్వ శాఖ ఆఫీసర్ అన్సా చెవులు మూసుకున్నాడు.

"అపచారం ఆంటీ! జనం భుజాల మీద పల్లకీలో వెళ్ళేది మన తెగ పెద్ద, చీఫ్ గారొక్కరే. ర్యాంపా? పురాతన మెట్ల మీద చెక్క ముక్క కూడా ఆనకూడదు."

అంతటి నిష్ఠాపరుడే ఇవాళ నలుగుర్ని పిలిచి, ఎకువాను కుర్చీతో సహా వేదిక మీదికి ఎత్తించాడు. వేదికకూ మెట్లే మరి. కోట లోపల తీసిన వీడియోను కళ్ళముందు నిలబెట్టే వీఆర్ కళ్ళజోడు కూడా స్వయంగా తగిలించాడు.

"పైకే చూడండి ఆంటీ. కిందికి చూడొద్దు."

"ఏం, కళ్ళు తిరుగుతాయా?"

"ప్రోటోకాల్."

కోట కదిలింది. పైగది వచ్చింది. గోడ మీద నాన్న చెయ్యి, వంకర చిటికెన వేలుతో సహా! ఎకువాకు ఏడుపు ముంచుకొచ్చింది. చెయ్యి చాపింది. మెత్తగా, వెచ్చగా తగిలింది.

"ఆంటీ, అది నా పొట్ట. పొద్దున తిన్న కెంకీ ఇంకా అరగలేదు, నొక్కకండి."

ఎకువా ఉసూరుమంటూ తల దించింది. కళ్ళజోడులో కింద మెట్లు కనబడలేదు. వాటిని కప్పేస్తూ గది గుమ్మం దాకా నీలంరంగు చెక్కల ర్యాంపు ఉంది.

"ఇదేంటి అన్సా?"

"మీకు కాదు ఆంటీ, కెమెరా బండికి. దానికి మెట్లెక్కడం రాదు పాపం. షూటింగ్ అవగానే తీసేశాం."

మంత్రి మైకు లాక్కున్నాడు. "విన్నారా! కోటలో లేని ర్యాంపును కూడా చూపించింది మన టెక్నాలజీ!"

చప్పట్లు చాలాసేపు మోగాయి.

"ఆ చెక్కలేం చేశారు?"

"ప్రభుత్వ సొత్తు వృథా చేస్తామా ఆంటీ?"

ఎకువా కళ్ళజోడు తీసింది. చక్రం పక్కన ఎర్ర తివాచీ అంచు కాస్త లేచి ఉంది. దాని కింద వేదిక చెక్కల నీలంరంగు కనబడింది.

సభ ముగిసింది. ఆమెను దించడానికి ఆ నలుగురూ మళ్ళీ వచ్చారు. ఎకువా కుర్చీ బ్రేకు బిగించింది.

"నన్ను కాదయ్యా. ఈ చెక్కల్ని మొయ్యండి, పైకి."